గిన్నె అడుగున గీత

ఒక వ్యాసం తప్పు రాశాను. ఆ తప్పు ఎట్లా జరిగిందో చెప్పుకోవడానికే మళ్లీ రాస్తున్నాను.

రెండేళ్ల కిందట నరసరావుపేటలో ఒక కళాశాల తెలుగు శాఖవాళ్లు ‘స్త్రీలు – ఇంటి వస్తువులు’ అనే అంశం మీద సదస్సు పెట్టి నన్ను పిలిచారు. మా అమ్మమ్మగారి ఊరు అక్కడికి దగ్గరే. పిలిచింది సొంత ప్రాంతంవాళ్లు కదా అని కాస్త గర్వంగానే వెళ్లాను. చేతిసంచిలో తువ్వాలులో చుట్టిన గిన్నె ఒకటి పట్టుకెళ్లాను. కాగితం చదవడం కంటే వస్తువు చూపిస్తే విద్యార్థినులు నిద్రపోకుండా ఉంటారని నా అనుభవం.

అది చైనా పింగాణీ గిన్నె. రెండు దోసిళ్ల గింజలు పడతాయి. తెలుపు అంటే మల్లెపూవు తెలుపు కాదు, బియ్యం కడిగిన నీళ్ల తెలుపు. బయటి వైపు నీలి రంగుతో అయిదు బొమ్మలు, లోపల అడుగున గుండ్రంగా ఒక అక్షరం. అంచు మీద ఒకచోట వేలిగోరంత పెచ్చు లేచిపోయింది. అమ్మమ్మవాళ్ల పెదమామగారు రంగూన్‌లో కొన్నేళ్లు పనిచేసి, 1942 వలసకు చాలాముందే తిరిగొచ్చేస్తూ జత గిన్నెలు తెచ్చాడని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. మేలు రకం కాదది. రాజుల కొలువులకు వెళ్లిన సరుకు చూడాలంటే హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. ఇది చైనా దక్షిణ తీరపు బట్టీల్లో వేలకు వేలు కాల్చి, ఓడల్లో గడ్డి కూరి రేవు రేవునా దించిన మామూలు వాడకం గిన్నె. నాకు దాని మీద మమకారం కలిగింది కూడా అందుకే. ప్రభువుల వస్తువు కాదు, వంటింటి వస్తువు అనుకున్నాను.

అయిదు బొమ్మలూ ఏమిటో మా ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. అమ్మమ్మ దాన్ని ‘ఆకుల గిన్నె’ అనేది. మా అమ్మకు అవి సీతాకోకచిలుకలు. నేను ఉద్యోగంలో చేరాక ఒక పుస్తకంలో అచ్చంగా అలాంటి బొమ్మే చూసి ఉలిక్కిపడ్డాను. అవి గబ్బిలాలు.

మన ఇళ్లల్లో గబ్బిలం దూరితే దీపం పెట్టి, చీపురు పుచ్చుకుని వెళ్లగొట్టేదాకా ఊరుకోరు. పాడుబడ్డ కొంపకు ఆనవాలు గబ్బిలం. అలాంటిదాన్ని అన్నం తినే గిన్నె మీద ఎవరు వేసుకుంటారు? చైనావాళ్లు వేసుకున్నారు. వాళ్ల భాషలో గబ్బిలాన్ని ‘ఫూ’ అంటారు. అదృష్టాన్నీ ‘ఫూ’ అనే అంటారు. రాతలో అక్షరాలు వేరు, చెవికి మాత్రం ఒకటే. చేప ‘యూ’, ఇంట్లో మిగులు ఉండటమూ ‘యూ’. జింక ‘లూ’, కొలువులో దొరికే జీతభత్యమూ ‘లూ’. కూజా ‘పింగ్’, ప్రశాంతత ‘పింగ్’. తామర ‘లియెన్’, తెగకుండా సాగడం కూడా ‘లియెన్’. అంటే ఈ గిన్నెల మీది బొమ్మల్లో చాలావాటిని కళ్లతో చూస్తే సరిపోదు, పైకి పలకాలి. పలికితే ఆశీర్వచనం అవుతుంది. మనవాళ్లు శ్లేషను మాటలతో ఆడారు. పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లో ఒకే పద్యంతో రామాయణం, భారతం రెండూ చెప్పాడు. జింగ్‌దజన్ బట్టీల పనివాళ్లు శ్లేషను కుంచెతో ఆడారు. ఒక ఎర్ర గబ్బిలం వేస్తే ‘అపారమైన అదృష్టం’. అయిదు గబ్బిలాలు వేస్తే అయిదు భాగ్యాలు. వాటి జాబితా చైనా ప్రాచీన గ్రంథం ‘షూజింగ్’లోనే ఉంది: దీర్ఘాయువు, సంపద, ఆరోగ్యంతో కూడిన నిశ్చింత, మంచి గుణం మీద ప్రేమ, అయిదోది ఆయుష్షు నిండాక సహజంగా కన్నుమూయడం. మా గిన్నె లోపలి అక్షరం ‘షౌ’, దీర్ఘాయువు. తింటూ తింటూ పోతే అన్నం అయిపోయాక అడుగున ఆయుష్షు కనిపిస్తుందన్నమాట.

సదస్సులో ఇదంతా చెప్పాను. పిల్లలు ముచ్చటపడ్డారు. అక్కడితో ఆగితే మ్యూజియం గైడుకూ నాకూ తేడా ఉండదు కదా, అందుకని అసలు విషయంలోకి వెళ్లాను.

ఈ దీవెనలు ఎవరి కోరికలు? చైనా గిన్నెల మీద కనిపించే బొమ్మల్లో పెద్ద వంతు సంతానం చుట్టూ తిరుగుతుంది. పగిలిన దానిమ్మ కాయ వేస్తే గింజలన్ని కొడుకులు పుట్టాలని. తామర కాయ వేస్తే వరసగా కొడుకులు పుట్టాలని. తీగకు వేలాడే సొరకాయలు వేస్తే వంశం తెగకుండా పాకాలని. ‘నూరుగురు బాలలు’ అనే బొమ్మ ఉంది. తోటలో పిల్లలు గాలిపటాలు ఎగరేస్తూ, కొయ్యగుర్రం ఎక్కుతూ, ఒకడు పరీక్షలో నెగ్గిన పండితుడి వేషం కట్టి ఊరేగుతూ కనిపిస్తారు. చూడటానికి ఎంత ఆహ్లాదంగా ఉంటుందో! ఆ నూరుగురిలో ఆడపిల్ల ఉండదు. పెళ్లికూతురి సారెతో పాటు వెళ్లిన గిన్నెల మీద ఇలాంటి బొమ్మలుండేవి. రోజుకు రెండుపూటలా ఆమె తను తినే గిన్నెలోనే అత్తవారి డిమాండు చదువుకోవాలి. ‘అష్టపుత్ర సౌభాగ్యవతీ భవ’ అని అక్షింతలు వేయించుకున్న మనకు ఇది కొత్త కాదు. దీవెన రూపంలో వచ్చిన ఆజ్ఞను ఎదిరించడం తిట్టును ఎదిరించడం కంటే కష్టం. ఈ మాట అన్నప్పుడు హాల్లో చప్పట్లు వచ్చాయి. నాకు సంతోషం వేసింది.

ఆ బొమ్మలు వేసినవాళ్ల గురించీ చెప్పాను. జింగ్‌దజన్‌లో ఉన్న ఫ్రెంచి మతగురువు దాంత్రకోల్ 1712లో రాసిన ఉత్తరంలో, ఒక్కో పింగాణీ పాత్ర డెబ్భై మంది చేతుల మీదుగా వస్తుందని రాశాడు. అంతకుముందే 1637లో సోంగ్ యింగ్‌షింగ్ తన గ్రంథంలో ఆ పనులను డెబ్భై రెండుగా లెక్కపెట్టాడు. అంచు గీత గీసేవాడు ఒకడు, పూలు గీసేవాడు ఒకడు, రంగు నింపేవాడు ఇంకొకడు. రోజుకు వందల గబ్బిలాలు గీసిన కూలివాడికి ఆ అయిదు భాగ్యాల్లో ఎన్ని దక్కాయి? మన కుమ్మరి ఇళ్లు చూడండి. సారె మగవాళ్లది. మట్టి తెచ్చి, జల్లించి, తొక్కి, ఆరబెట్టి, కుండలు తలమీద పెట్టుకుని ఊరూరా తిరిగి గింజలకు అమ్మింది ఆడవాళ్లు. అయినా కుండ చేసినవాడు కుమ్మరే, కుమ్మరమ్మ కాదు.

తరువాత చరిత్ర. ఇదీ నాకు ఇష్టమైన భాగమే. పల్నాటికీ చైనాకూ సంబంధం ఏమిటని నవ్వేవాళ్లు ఉంటారు. మాచర్ల దాటి విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ వెళ్లినవాళ్లకు, అక్కడి ఇక్ష్వాకుల కాలపు శాసనాల్లో దానాలు చేసిన చేతులు ఎక్కువగా ఆడవాళ్లవేనని తెలుసు. చాంతిసిరి, అడవి చాటసిరి, బోధిసిరి. వీళ్లలో బోధిసిరి రాణి కాదు, రాజు చెల్లెలు కాదు, ఒక గృహస్థురాలు, ఉపాసిక. శ్రీపర్వతం మీద చుల్లధమ్మగిరి దగ్గర చైత్యగృహం కట్టించి, సింహళ ఆచార్యులకు అంకితం చేస్తూ వేయించిన శాసనంలో, ఆ ఆచార్యులు ధర్మం బోధించిన దేశాల పేర్లు వరసగా చెక్కించింది. కాశ్మీరం, గాంధారం, తోసలి, వనవాసి, యవనం, ద్రమిళం. ఆ వరసలోనే ‘చీన’ అనే పేరు కూడా ఉంది. ఆ చీన ఇవాళ్టి చైనా ఏ మేరకు అవుతుందన్న దాని మీద పండితుల తగవు వేరు. మూడో శతాబ్దంలో పల్నాటి రాతి మీద ఆ మాట చెక్కించింది ఒక మామూలు ఆడమనిషి అన్నదే నాకు ముఖ్యం. చైనా గిన్నెల మీద ‘ఎనిమిది మంగళ చిహ్నాలు’ అని వేస్తారు. శంఖం, చక్రం, తామర, కలశం, జంట చేపలు, గొడుగు, ధ్వజం, ముడి. అవి బౌద్ధంతో పాటు ఇటునుంచి అటు వెళ్లిన బొమ్మలే. అమరావతి, నాగార్జునకొండ పలకల మీద పూర్ణకలశం చూసిన కంటితో చైనా గిన్నె మీది కలశాన్ని చూస్తే చుట్టాల్ని చూసినట్టే ఉంటుంది.

ఇక రేవులు. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించాడు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును పాత రాజుల్లా లాక్కోను, ముప్పైకి ఒక వంతు సుంకం మాత్రం తీసుకుంటాను అని. సుంకం వేసిన సరుకుల్లో చీనీ కర్పూరం ఉంది, పట్టు ఉంది, పన్నీరు, దంతం, ముత్యాలు ఉన్నాయి. గిన్నెల పేరు లేదు. కానీ ఆ మోటుపల్లి మట్టిలోనే చైనా పింగాణీ పెంకులు దొరికాయి. కొండవీటి రెడ్డి రాజుల నాటి వర్తకుడు అవచి తిప్పయశెట్టికి శ్రీనాథుడు ‘హరవిలాసం’ అంకితం ఇస్తూ, ఏ దేశం నుంచి ఏం తెచ్చాడో పద్యంలో ఏకరువు పెట్టాడు. చీనా నుంచి తెచ్చినవి పట్టుబట్టలు. అక్కడా గిన్నె లేదు. ఒంటికి పూసుకునేవి, కట్టుకునేవి కావ్యానికి ఎక్కాయి. అన్నం పెట్టుకునేది ఎక్కలేదు. దాన్ని పెంకులుగా మట్టిలో వెతుక్కోవలసిందే. (మార్కో పోలో కూడా ఇంతే. మోటుపల్లి రాజ్యాన్ని నలభై ఏళ్లు న్యాయంగా ఏలిన రాణిని పొగిడాడు, కానీ ఆమెను చనిపోయిన రాజుగారి భార్య అనుకున్నాడు. రుద్రమ గణపతిదేవుడి కూతురు. కూతురు ఏలుతుందన్న ఊహ ఆయనకు రాలేదు.)

శ్రీనాథుడికి పల్నాటి మీద మంట అని అందరికీ తెలుసు. ఆయన పేర చెలామణీలో ఉన్న చాటువు ప్రకారం ఇక్కడికి రసికుడు రాకూడదు. ఇక్కడ రంభ అయినా ఏకులు వడకాలి, రాజైనా అరక దున్నాలి, మన్మథుడైనా జొన్నకూడే తినాలి. నా చిన్నప్పటి నుంచి ఇది పల్నాటికి అవమానంగానే విన్నాను. ఇప్పుడు చదివితే ఇది తిట్టులా లేదు. పనిచేయకుండా ఎవరికీ కూడు దొరకని ఊరు అని కదా ఆయన చెప్పింది! అలా అని సదస్సులో అన్నాను. మళ్లీ చప్పట్లు. ఈ మాట దగ్గరికి మళ్లీ వస్తాను. ఎందుకంటే అది కూడా తప్పే.

చివరగా గిన్నెను బోర్లించి చూపించాను. అడుగున మెరుపు పూత లేని గరుకు వలయం ఉంటుంది. బట్టీలో పాత్ర కిందకు అతుక్కుపోకుండా అక్కడ పూత తుడిచేస్తారు. ఆ వలయం పక్కన, పూత మీద, మేకుతో గీసినట్టు అడ్డంగా ఒక గీత, దాని మీద నిలువుగా ఇంకోటి. అది బట్టీలో పడ్డది కాదు, తరువాత గీసింది. రేవుల్లో సరుకు పంచుకునేటప్పుడు వర్తకులు తమ తమ పాత్రల అడుగున ఇలాంటి గుర్తులు పెట్టుకునేవాళ్లని చదివి ఉన్నాను. ఇది వర్తకుడి గుర్తు అన్నాను. ఈ గిన్నె చేతులు మారిన దారికి ఇదే సంతకం అని ఒక అందమైన వాక్యం కూడా రాసుకుని వెళ్లాను.

భోజనాల దగ్గర ఒక లెక్చరర్ నా పక్కకు వచ్చి కూర్చుంది. ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో. వేరే ఊళ్లో తెలుగు చెబుతోందట. నాది ఏ ఊరని అడిగింది, చెప్పాను. మా తాతయ్య ఇంటిపేరు అడిగింది, చెప్పాను.

“అయితే ఆ గిన్నె నాకు తెలుసు మేడం,” అంది.

ఎట్లా తెలుసు అన్నాను.

“చూడలేదు, విన్నాను. మా నాయనమ్మ మీ ఇంట్లోనే చేసింది. పశువుల దగ్గర, మిరపకాయల కల్లంలో. మధ్యాహ్నం గంజి ఆ గిన్నెలోనే పోసేవాళ్లట. గబ్బిలాలని ఆమెకూ తెలియదు. ‘పువ్వుల బొచ్చె’ అనేది. పెచ్చు లేచిన వైపు నోటికి తగలకుండా తిప్పి పట్టుకోవాలని చెప్పేది. పెదవి కోసుకుందట ఒకసారి.”

నేను ఏమీ అనలేకపోయాను. ఆమె ఏమాత్రం కోపంగా లేదు. పప్పులో కారం ఎక్కువైందన్నంత మామూలుగా చెబుతోంది.

“ఆ గీతలు వర్తకుడివి కాదు మేడం. రెండు గిన్నెలూ ఒకేలా ఉండేవి కదా. లోపలిది బయటకు, బయటది లోపలికి కలిసిపోకుండా మీ అమ్మమ్మగారే మేకుతో గీశారట. మా నాయనమ్మ ఎదురుగానే గీశారు. తాగినాక కడిగి గొడ్లచావిడి చూర్లో బోర్లించి పోవాలి.”

ఆ రాత్రి మా అమ్మకు ఫోన్ చేశాను. అమ్మకు ఎనభై దాటాయి. పాతవన్నీ బాగా గుర్తుంటాయి. చావిడి చూర్లో గిన్నె ఉండేదా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు.

“ఉండేది. ఇప్పుడెందుకే అవన్నీ? అప్పుడు అందరిళ్లల్లో అంతేగా,” అంది. తరువాత తనే చెప్పుకొచ్చింది. జతలో మంచి గిన్నె లోపల ఉండేది, రోజూ జాడీలోంచి తీసిన ఆవకాయ అందులో పెట్టుకునేవాళ్లు. పెచ్చు లేచింది బయటకు పోయింది. మంచి గిన్నె మా చిన్నమామయ్య పెళ్లిలో పగిలింది. అమ్మమ్మ పోయాక ఇల్లు సర్దేటప్పుడు చావిడిలో దొరికిన ఈ గిన్నెను మా పిన్ని చింతపండు పెట్టి తోమి నాకిచ్చింది. “నీకు ఇట్టాంటివి ఇష్టం గదా” అంటూ. నేను దాన్ని అద్దాల బీరువాలో పెట్టి లోపల దీపం అమర్చాను.

ఒకే గిన్నెకు మూడు పేర్లు. చావిడి చూర్లో ఉన్నప్పుడు బొచ్చె. అమ్మమ్మ నోట గిన్నె. మా ఇంటికొచ్చిన స్నేహితుల నోట ‘యాంటిక్ బౌల్’. నేను గబ్బిలానికి చైనా భాషలో ఉన్న రెండు అర్థాలూ వెతికి పట్టుకున్నాను. తెలుగులో గిన్నెకూ బొచ్చెకూ మధ్య ఉన్న దూరం నా చెవికి వినపడలేదు.

ఇక్కడ నా పాత వ్యాసాన్ని విమర్శకురాలిగా చూడాలి, పశ్చాత్తాపపడే మనవరాలిగా కాదు. పశ్చాత్తాపం సులువు, పైగా అది మళ్లీ నా గురించే అవుతుంది. ఆ వ్యాసంలో లోపం సమాచారంలో లేదు. చైనా గురించి చెప్పినవన్నీ ఇప్పటికీ సరైనవే. లోపం నేను ‘వంటింటి వస్తువు’ అన్న చోట ఉంది. మనం, అంటే స్త్రీవాద విమర్శ రాసే నాలాంటివాళ్లం, వంటింటిని చెరసాలగా చదవడం నేర్చుకున్నాం. విమల ‘వంటిల్లు’ కవిత చదివి ఉలిక్కిపడ్డ తరం నాది. 1993లో ‘నీలిమేఘాలు’ వచ్చినప్పుడు ఆ పుస్తకాన్ని తలకింద పెట్టుకుని పడుకున్నదాన్ని. ఆ చదువు తప్పని అనను. కానీ ఆ చెరసాల గడప దాటి లోపలికి రావడానికి కూడా వీల్లేని ఆడవాళ్లు ఉన్నారనీ, ఆ గడపకు కాపలా కాసింది లోపలున్న ఆడవాళ్లేననీ దళిత స్త్రీలు తొంభైలలోనే మొహం మీద అడిగారు. 2003లో గోగు శ్యామల సంకలనం ‘నల్లపొద్దు’ వచ్చింది. దాన్ని పాఠం చెప్పాను, పరీక్షలకు ప్రశ్నలు ఇచ్చాను. అది మా ఇంటి చావిడి చూరు దాకా వస్తుందని మాత్రం అనుకోలేదు. ‘నూరుగురు బాలల్లో ఆడపిల్ల లేదు’ అని లెక్కపెట్టిన నేను, గిన్నె ఎవరి నోటికి తగిలిందో లెక్కపెట్టలేదు.

మేకు పట్టుకుని గీసింది తాతయ్య కాదు. అమ్మమ్మ. ఆమెకు రాయడం రాదు. ఇంట్లో స్టీలు గిన్నెల మీద పాత్రల కొట్టువాడు చెక్కినవి తాతయ్య పేరు, మామయ్యల పేర్లు. ఆమె పేరు ఒక్క గరిటె మీద కూడా లేదు. ఆమె జీవితంలో తన చేత్తో ఒక వస్తువు మీద పెట్టిన గుర్తు నాకు తెలిసినంతలో ఇదొక్కటే. దాన్ని నేను ఏం చేయాలి? అక్షరం రాని స్త్రీ చేసిన సంతకం అని మరో అందమైన వాక్యం రాయొచ్చు. ఆ చేయి ఎంత అణగిన చేయో నాకు తెలుసు. ఆ గీత ఎందుకు గీసిందో కూడా ఇప్పుడు తెలుసు. మొదటిది రెండోదాన్ని కడిగేయదు.

శ్రీనాథుడి చాటువు గురించి అన్న మాట కూడా ఇందుకే తప్పు. పనిచేయకుండా ఎవరికీ కూడు దొరకని ఊరు అని మురిసిపోయాను. ఆ ఊళ్లో రంభ ఏకులు వడికితే ఆ కూడు ఏ గిన్నెలో పెట్టారో, ఏ అరుగు కింద కూర్చోబెట్టారో ఆ చాటువులో లేదు, నా వ్యాఖ్యలోనూ లేదు.

గబ్బిలం దగ్గరికి వస్తాను. సదస్సు జరిగిన ఊరికి వినుకొండ ఎంతో దూరం లేదు. జాషువా 1895లో పుట్టింది అక్కడే. ఆయన తల్లి లింగమ్మ మాదిగ ఇంటి ఆడపడుచు. 1941లో వచ్చిన ‘గబ్బిలం’ కథ అందరికీ తెలిసిందే. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురు పంపితే, ఈయన అరుంధతీ సుతుడు గబ్బిలంతో పంపాడు. గుడిసెలోకి దూరిన గబ్బిలం రెక్కల గాలికి ఆముదం దీపం ఆరిపోతుంది. ఆ చీకట్లో అతను దానికి తన గోడు చెప్పుకుంటాడు. కాశీ వెళ్లి శివుడి చెవిలో వేయమంటాడు. తను అడుగుపెట్టలేని గుడిలో అది వేలాడగలదు కనుక, శివుడి చెవికి అదే దగ్గర కనుక, పూజారి లేనప్పుడు చెప్పమంటాడు. దాన్ని పక్షుల రాణిగా సంబోధిస్తాడు. మేఘం లాంటి అందమైన దూతను కాకుండా అందరూ చీపురుతో తరిమే ప్రాణిని ఎన్నుకోవడంలోనే కావ్యమంతా ఉంది. చైనా చిత్రకారుడికి గబ్బిలం శుభం కావడానికి ఒక ఉచ్చారణ చాలింది. జాషువాకు అది చుట్టం కావడానికి వెలి కారణమైంది. నేను గంటసేపు పల్నాటి గడ్డ మీద నిలబడి గబ్బిలం గురించి మాట్లాడి, జాషువా పేరెత్తలేదు. ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఏం కావాలి? గిన్నె మీది బొమ్మ నా బుర్రలో ‘కళ’ అనే గదిలో ఉంది. ‘గబ్బిలం’ కావ్యం ‘దళిత సాహిత్యం’ అనే గదిలో ఉంది. మధ్యలో తలుపు లేదు.

ఇంకొకటి కూడా తోస్తోంది. ఆ కావ్యంలో కబురు మోసేది ఆడ గబ్బిలం. మనమంతా కబురును చదివాం. మోసుకెళ్లినదాన్ని ఎవరం పెద్దగా చదవలేదు. చావిడికీ పొలానికీ మధ్య, ఇంటికీ వాడకూ మధ్య కబుర్లు మోసింది కూడా ఆడవాళ్లే కదా. మా ఇంటి పురుళ్లకు మంత్రసానిని పిలుచుకొచ్చింది, మా అమ్మమ్మ జబ్బు సంగతి పుట్టింటికి చేరేసింది ఆ పువ్వుల బొచ్చెలో గంజి తాగినామేనని అమ్మ తరువాత ఎప్పుడో చెప్పింది. పాత్ర అంటుకుంటుంది, కబురు అంటుకోదు. 1985 జూలైలో కారంచేడులో చెరువు దగ్గర అన్యాయాన్ని అడ్డుకున్న మున్నంగి సువార్త ఎత్తింది కూడా ఒక బిందెనే. ఆ బిందె ఇత్తడిదా, సత్తుదా అని ఏ మ్యూజియం అడగదు.

పింగాణీ మీద మన ఆచారాల తీరు కూడా ఇప్పుడు వేరేగా కనిపిస్తోంది. ఇత్తడి, రాగి, వెండి చింతపండుతోనో బూడిదతోనో తోమితే శుద్ధి అవుతాయి. మట్టి అవదు, ఎంగిలి పీలుస్తుందంటారు. పింగాణీ మట్టే కదా అని ఆచారం ఎక్కువున్న ఇళ్లల్లో దాన్ని ఊరగాయ జాడీ వరకే రానిచ్చి, పళ్లెంగా, గిన్నెగా మాత్రం దూరం పెట్టారు. నిజానికి దాని గుణం సరిగ్గా తిరగేసి ఉంటుంది. కేవలిన్ అనే తెల్లమట్టిని మరో రాతిపొడితో కలిపి 1300 డిగ్రీల దాకా కాల్చడంతో అది గాజులా బిగిసిపోతుంది. ఏదీ పీల్చదు. మనిషి చేసిన పాత్రల్లో మైల అంటించుకోనిది ఏదైనా ఉందంటే అదే. బయట చూర్లో బోర్లించడానికి మావాళ్లు ఎంచుకున్నది దాన్ని.

ఆ లెక్చరర్ ఫోన్ నంబర్ తీసుకున్నాను. వారం తరువాత ఫోన్ చేసి, సదస్సు సంపుటిలో నా వ్యాసం అచ్చు కాకుండా ఆపేశాననీ, మార్చి రాస్తాననీ, వాళ్ల నాయనమ్మ పేరు రాయవచ్చా అనీ అడిగాను.

“వద్దు మేడం,” అంది. “ఊళ్లో మావాళ్లు ఉన్నారు, మీవాళ్లూ ఉన్నారు. పేరు రాస్తే మీరు మంచివాళ్లవుతారు, మా నాయనమ్మ మీ వ్యాసంలో ఉదాహరణ అవుతుంది. ఆమె గురించి రాయాల్సినప్పుడు నేను రాసుకుంటాను.”

నేను మాట తడబడుతూనే ఇంకోటి అడిగాను. గిన్నె తెచ్చి మీకిస్తాను, తీసుకుంటారా అని.

నవ్వింది. “నాకెందుకు మేడం? మా ఇంట్లో మంచి గిన్నెలున్నాయి.”

ఆ తరువాత ఒక నిమిషం ఆగి, “ఆమె ఎట్టా పోయిందని మీరు అడగలేదు,” అంది. అడిగాను. తొంభై ఏళ్లు బతికిందట. చివరి రోజు ఉదయం మనవరాలి చేత టీ పెట్టించుకుని తాగి, మధ్యాహ్నం నిద్రలో పోయిందట. అయిదు గబ్బిలాల్లో అయిదోదీ, అడుగున ఉన్న అక్షరమూ ఆమెకు దక్కాయన్నమాట. ఈ ఆలోచన రాగానే ఫోన్‌లో చెప్పబోయి ఆపుకున్నాను. గిన్నె ఇచ్చింది కాదు కదా అవి.

గిన్నె ఇప్పుడు అద్దాల బీరువాలో లేదు. ఎక్కడ పెట్టాలో తేలక నా రాతబల్ల మీద ఉంచాను, బోర్లించి. గీతలు పైకి కనపడేట్టు.